మూడో షిఫ్టును ఒప్పుకోని ఫారం

సుగ్రా బీ దుకాణం మెట్టెక్కేసరికి సంతోషి మిషను మీద చీర అంచుకు పీకో వేస్తోంది. ఎప్పుడూ గడప దగ్గరే "ఏం బిడ్డా" అని పలకరించే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండా వచ్చి స్టూలు మీద కూర్చుంది. చేతిలో దవాఖాన చీటీ ఉంది. దాన్ని చాచలేదు, పిడికిట్లోనే నలుపుతోంది. సంతోషి మిషను మీద పాదం ఆపింది.

"అల్మాస్‌కు రక్తం గావాల్నట సంతోషమ్మా. నీ కంప్యూటర్ల దొరుకుతదని చెప్పిన్రు."

అల్మాస్ సుగ్రా బీ కూతురు. నెలలు నిండాయి. కాన్పుకు తల్లి దగ్గరికి వచ్చింది.

"ఏ గ్రూపు ఖాలమ్మా?"

"ఓ నెగెటివ్. మాయ కిందికి ఉన్నదట. పొద్దుగాల్ల నుంచి కొంచెం కొంచెం రక్తం పోతున్నది. ఆపరేషన్ చెయ్యాలె, గాని రక్తం చేతికి రాంది కత్తి పెట్టనన్నది డాక్టరమ్మ. బ్లడ్ బ్యాంకుల ఆ గ్రూపు లేదు. కరీంనగర్‌కు ఫోన్ జేసిన్రు, ఆడ గూడ లేదు. మా ఇంట్ల ఎవ్వరిది కలుస్తలేదు."

"ఎంతసేపు ఆగుతరట?"

"పొద్దూకెదాక ఆగుడంటె భయమే అన్నది."

సంతోషి మిషను పక్కనున్న పాత ల్యాప్‌టాప్ మూత తెరిచింది. అది మేలుకోవడానికి ఎప్పుడూ కాస్త సేపు తీసుకుంటుంది. ఆలోగా సుగ్రా బీకి మంచినీళ్ళ గ్లాసు అందించింది. సుగ్రా బీ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

కుట్టు దుకాణంలో రక్తం దొరుకుతుందని ఎవరో చెప్పడం, ఒక తల్లి నమ్మి రావడం వింతగానే ఉంటుంది. సంతోషి తండ్రి బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు గనిని ఇక్కడ బాయి అనే అంటారు. ఆమె ఇంటర్ దాకా చదివింది. పెళ్ళయ్యాక గోదావరిఖనిలో కాలనీ గేటు దగ్గర ఫాల్స్, పీకో దుకాణం పెట్టుకుంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఫోన్‌లో పాఠాలు చూస్తూ జావాస్క్రిప్ట్ నేర్చుకుంది. ఎవరూ నేర్చుకొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. అర్థం కాని పాఠాన్ని ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూసేది, కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసినట్టే.

మొదట చేసింది జాకెట్ కొలతల ఫారం. దూరపు కాలనీల ఆడవాళ్ళు ఫోన్‌లోనే కొలతలు పంపుతారని ఆమె ఆశ. వాళ్ళు ఛాతీ కొలత గడిలో "పాత జాకెట్ లెక్కనే" అని రాసి పంపారు. ఒకావిడైతే "మొన్న చూసినవు గదా" అని రాసింది. అప్పుడు నేర్చుకుంది ఆ పాఠం. పంపు అనే బొత్తాం నొక్కగానే ఫారం నేరుగా వెళ్ళిపోకూడదు. నొక్కిన వాళ్ళ ఫోన్‌లోనే ఒక్క క్షణం ఆగి గడులన్నీ చూసుకోవాలి. అంకె ఉండాల్సిన చోట అంకె లేకపోతే ఆ గడి కిందే ఎర్ర అక్షరాలు రావాలి. సరిచేస్తేనే ముందుకు కదలాలి. ఆ చిన్న కోడ్ పనిచేసిన రోజు కావాలని తప్పులు రాసి రాసి, ఎర్ర అక్షరాలు వస్తుంటే చూసుకుని మురిసిపోయిందట. ఆ తర్వాతి వారం వచ్చిన ఫారాలన్నిట్లో ఛాతీ కొలత ముప్ఫై ఆరే. ఎర్ర అక్షరాల పీడ పోతే చాలని అందరూ ఏదో ఒక అంకె కొట్టి పంపారు. సంతోషి నవ్వుకుని మళ్ళీ టేపు చేతబట్టింది.

వేణుమాధవ్ ఆ ఫారం చూసే ఆమె దగ్గరికి వచ్చాడు. కాలనీలో రక్తదాతల బృందం నడిపేది అతనే. అతని బాధ వేరు. రక్తం కావాలని వాట్సాప్‌లో పెడతాడు, ఎవరూ పలకరు. పలకడానికి వాళ్ళు పైన ఉంటేగా. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. మనిషి భూమి లోపల ఉంటాడు, ఫోన్ పైన మోగుతూ ఉంటుంది.

"అక్కా, ఎవరు పైన ఉన్నరు, ఎవరు కింద ఉన్నరు అనేది తెలిసెటట్టు ఒకటి చేసియ్యి. పుణ్యముంటది" అన్నాడు.

"పుణ్యం నాకు, పేరు నీకు."

"పేరు గూడ నీదే రాస్త తియ్యి."

అలా తయారైంది ఆ పేజీ. పేరు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, ఈ వారం డ్యూటీ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. షిఫ్టులు వారం వారం మారతాయి గనుక ప్రతి సోమవారం డ్యూటీ సమయం మళ్ళీ నింపాలి. ఎవరికైనా రక్తం కావాలంటే గ్రూపు పేరు కొడితే చాలు, ఆ వేళకు డ్యూటీలో లేనివాళ్ళ పేర్ల పక్కన పచ్చ చుక్క పడుతుంది. ఇక్కడా అన్నిటికీ తనిఖీలు పెట్టింది. పేరు ఖాళీగా ఉండకూడదు. ఫోన్ నంబరు పది అంకెలకు తగ్గకూడదు. డ్యూటీ దిగే సమయం ఎక్కే సమయం కంటే తర్వాత ఉండాలి. ఈ చివరిది లాడ్జి గదులు బుక్ చేసే పాఠం నుంచి తెచ్చుకుంది. ఖాళీ చేసే తేదీ దిగిన తేదీ కంటే ముందు ఉండకూడదు కదా, అదే లెక్క. మొదటి షిఫ్టు వేసి చూసింది, రెండో షిఫ్టు వేసి చూసింది. రెండూ సరిగ్గా వెళ్ళాయి.

ల్యాప్‌టాప్ మేలుకుంది. సంతోషి ఓ నెగెటివ్ అని కొట్టింది. కొద్ది పేర్లు వచ్చాయి. ఒక్క పేరు పక్కన కూడా పచ్చ చుక్క లేదు.

"ఉన్నరా బిడ్డా?"

"ఉన్నరు ఖాలమ్మా. డ్యూటీల ఉన్నరు."

అయినా ఫోన్లు కలిపింది. శ్రీరాంపూర్ అతని ఫోన్ ఇంట్లో భార్య ఎత్తింది. అతను మొన్ననే రక్తం ఇచ్చాడట, అప్పుడే మళ్ళీ తీసుకోరు. మంచిర్యాల ఆమె డ్యూటీకి సెలవు పెట్టి నాగపూర్‌లో ఆడబిడ్డ ఇంట్లో ఉంది. అక్కడి నుంచే అయ్యో అయ్యో అంటోంది. మిగిలింది జైపాల్. అతని ఫోన్ స్విచ్చాఫ్. పేరు ఎదురుగా పేజీలో పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు అని ఉంది.

"రాత్రి పదకొండుకు పైకొస్తడు" అంది సంతోషి, చెప్పాలో వద్దో తెలియనట్టు.

సుగ్రా బీ గ్లాసు కింద పెట్టింది. 

సంతోషి వేణుమాధవ్‌కు ఫోన్ చేసి జైపాల్ పనిచేసే బాయి ఆఫీసులో కనుక్కొమ్మంది. ఆఫీసు నుంచి లోపలికి ఫోన్ ఉంటుంది. కబురు పెడితే లోపల పని చూసే సర్దార్ మనిషిని పైకి పంపుతాడు. ఎదురుచూస్తున్నంత సేపూ గోడ అవతల హోటల్లో ఎవరో పిండి రుబ్బుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఫోన్ మోగింది.

"అక్కా, జైపాలన్న బాయిల లేడు. పొద్దుగాల్లనే ఇంటికి పోయిండట. ఆయనది ఈ వారం మూడో షిఫ్టు."

"పేజీల గట్ల లేదు తమ్మీ. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు అని ఉన్నది."

"జెర చూడక్కా. ఏడు నుంచి పదకొండు దాక ఎవడన్న డ్యూటీ చేస్తడా? రెండు షిఫ్టులు అయితయి గదా గది."

సంతోషి చూసింది. ఇంతసేపూ కంటి ముందే ఉంది. ఫారం తెరిచి తన చేతులతోనే మూడో షిఫ్టు వేసింది. ఎక్కేది రాత్రి పదకొండు, దిగేది పొద్దున ఏడు. పంపు నొక్కింది. గడి కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "దిగే సమయం ఎక్కే సమయం తర్వాత ఉండాలి."

ఆమె పుట్టి పెరిగింది షిఫ్టుల ఇంట్లో. బాయి మనుషుల లెక్కలో మూడో షిఫ్టు నడుమ రోజు మారదు. రాత్రి ఎక్కిన మనిషి పొద్దున దిగితే అదంతా నిన్నటి డ్యూటీయే, నిన్నటి హాజరే. సంతోషి తలలో కూడా అది ఎప్పుడూ ఒకే ముక్క. నడుమ అర్ధరాత్రి ఒకటి ఉందని, అక్కడ గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందని ఆమెకు తట్టనే లేదు. కోడ్‌కు మాత్రం అదొక్కటే తెలుసు. దాని కంటికి రాత్రి పదకొండంటే ఇరవై మూడు, పొద్దున ఏడు అంతకంటే చిన్నది. అంతే.

జైపాల్ ఏం చేశాడో ఇప్పుడు అర్థమైంది. ఫారం ఒప్పుకోలేదు, రెండు సమయాలూ తిప్పి రాశాడు. ఒప్పుకుంది. దాంతో అతను ఇంట్లో పడుకున్న పగలంతా పేజీకి బాయిలో ఉన్నట్టు, బాయిలో ఉన్న రాత్రంతా ఇంట్లో ఉన్నట్టు.

"నడువ్ ఖాలమ్మా, జైపాలన్న ఇంటికి పోదాం. మనిషి ఇంట్లనే ఉన్నడు."

స్కూటీ వెనక సుగ్రా బీ ఒక చేత్తో సంతోషి భుజం పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే, మర్నాటికి అక్కడ నొప్పి మిగిలింది.

జైపాల్ ఉండే క్వార్టర్ల వరుస చప్పుడు లేకుండా ఉంది. మూడో షిఫ్టు దిగిన మనిషి ఉన్న వరుసలో ఎవరూ గొంతు పెంచరు. పక్కింటి టీవీ తగ్గుతుంది, పిల్లలు ఆటకు అవతలి వీధికి పోతారు. జైపాల్ కిటికీకి లోపలి నుంచి దుప్పటి కట్టి ఉంది. వాకిట్లో అతని తల్లి సారవ్వ మంచం మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది. స్కూటీ ఆగకముందే వేలు పెదవుల మీద పెట్టింది.

"ఏంది? ఎవలు గావాలె?"

"అవ్వా, నేను గేటు కాడి పీకో సంతోషిని. జైపాలన్నతోని పనుండె. ఆపతి పని."

"పండుకున్నడు. పొద్దుమీకి రాండ్రి."

"అందాక ఆగలేం అవ్వా. ఈమె బిడ్డ దవాఖానల ఉన్నది. అన్న రక్తం ఒక్కటే కలుస్తది."

సారవ్వ చేతిలో చిగురు అలాగే ఉండిపోయింది. సుగ్రా బీ వైపు చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది.

"మూడో షిఫ్టు చేసొచ్చిన మనిషిని లేపుతరా అమ్మా? ఇట్లనే వీళ్ళ నాయినను ఏదో దావతని లేపిన్రు. నిద్ర సాలక బాయిల దిగిండు ఆ రాత్రి. పైకప్పు కిర్రుమన్న సప్పుడు పక్కోనికి ఇనబడ్డది, ఈయనకు ఇనబడలే. కాలు పోయింది. నేను లేప. మిమ్ముల లేపనియ్య."

 సుగ్రా బీ బతిమాలలేదు. మంచం పక్కనే గద్దె మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సారవ్వ కోపంగా గుసగుసలాడింది.

"గిట్ల కూసుంటె నా పానం గుంజుతది. లే. లే అమ్మా. ఇంకెవల్నన్న చూసుకోండ్రి."

"ఇంకెవ్వలు లేరక్కా" అంది సుగ్రా బీ కొంగు తియ్యకుండానే.

తలుపు తెరుచుకుంది. జైపాల్ లుంగీ సర్దుకుంటూ నిలబడ్డాడు. కళ్ళ చుట్టూ బొగ్గు గీత ఇంకా పూర్తిగా పోలేదు, కాటుక పెట్టినట్టుంది.

"ఏందవ్వా, ఒర్రుతవు. నువ్వు సప్పుడు చెయ్యొద్దన్న సప్పుడుకే మెలకువొచ్చింది."

విషయం విని చొక్కా వేసుకున్నాడు. సారవ్వ చిగురు చాటను మంచం మీద విసురుగా పెట్టింది. ఆపలేదు. స్కూటీ కదులుతుంటే మాత్రం సంతోషితో అంది, "మళ్ళ పండుకోవెట్టే జిమ్మేదారి నీది. చెప్తున్న."

దవాఖానకు జైపాల్ తన బండి మీద వచ్చాడు. బ్లడ్ బ్యాంకు వరండాలో ఆగారు. సుగ్రా బీ పైకి, కూతురి దగ్గరికి పోయి చూసి దిగివచ్చింది. "తెల్లగయ్యింది పెదవి" అని మాత్రం చెప్పింది. లోపల నర్సు రాసుకుంటోంది. బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ పిలవాలి.

జైపాల్ గోడకు ఆనుకుని సంతోషిని అడిగాడు, "నిద్ర సంగతి అడుగుతరా?"

"అడుగుతరట అన్నా."

"పండుకున్న అని చెప్త. నీ ఫారం గూడ గట్లనే గదా, ఉన్నదున్నట్టు రాస్తె ఒప్పుకోలే, తిప్పి రాసిన. ఈడ గూడ తిప్పి చెప్త. ఏమైతది?"

అతను నవ్వుతూనే అన్నాడు.  అతను అబద్ధమాడాలనే ఆమెకూ ఉంది. ఒక్క మాట. పండుకున్న అంటే సీసాలో రక్తం పడుతుంది, పైన ఆపరేషన్ మొదలవుతుంది. పక్కనే సుగ్రా బీ నిలబడి ఉంది. అంతా వింటోంది.

డాక్టరమ్మ పిలిచింది. సంతోషి కూడా వెంట వెళ్ళింది. బరువు చూశారు, బీపీ చూశారు, వేలి కొసన సూది గుచ్చారు. డాక్టరమ్మ తల ఎత్తకుండా అడిగింది.

"రాత్రి బాగా నిద్రపోయారా?"

"పండుకున్న మేడం."

"ఏం పని చేస్తారు?"

"బాయిల."

ఆమె అప్పుడు తల ఎత్తి అతని కళ్ళలోకి చూసింది. "ఈ వారం ఏ షిఫ్టు?"

జైపాల్ నోరు తెరిచాడు. రెండో షిఫ్టు అని రాబోతోందని సంతోషికి తెలిసింది. తెలిసి, అతనికంటే ముందే అంది.

"మూడో షిఫ్టు మేడం. పొద్దున డ్యూటీ దిగిండు. కన్నంటుకోంగనే మేమే వొయ్యి లేపినం."

 డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇప్పుడు తీసుకోలేను. ఇచ్చి కుర్చీ దిగకముందే పడిపోతే ఇద్దరు రోగులవుతారు నాకు. పైగా రాత్రికి మళ్ళీ గనిలోకి దిగుతానంటారు. పడుకోనివ్వండి. చీకటి పడ్డాక చూద్దాం. ఈలోగా ఇంకెవరైనా ఉంటే తీసుకురండి, త్వరగా."

వరండాలోకి రాగానే జైపాల్ ఆమెను నిలదీశాడు. "ఎందుకు చెప్పినవ్ సంతోషక్కా? నా కండ్లు, నా నిద్ర. పైన మనిషి పోతున్నది."

"నువ్వు తిప్పి రాసిందాన్ని నమ్మే ఇంత పొద్దు పోగొట్టినం అన్నా. తప్పు నా ఫారంది. మళ్ళ నీతోని అబద్ధం ఆడిచ్చి, నీకేమన్న అయితె నేనెట్ల..." 

సుగ్రా బీ దగ్గరికొచ్చింది. కొడుతుందేమో అనిపించిందట సంతోషికి, కొట్టినా బాగుండునని కూడా అనిపించిందట. సుగ్రా బీ కొట్టలేదు. "సరే. ఇంకెవరున్నరో చూడు జల్ది" అంది.

ఇంకెవరున్నారు? సంతోషి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో పేజీ తెరిచింది. తిప్పి రాసిన వాళ్ళందరినీ వెతికింది. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా అని ఉన్నవి చాలానే దొరికాయి. ఒకతను రాత్రి పదకొండు నుంచి పదకొండూ యాభై తొమ్మిది దాకా డ్యూటీ అని రాసి పంపాడు. వాళ్ళలో ఓ నెగెటివ్ జైపాల్ ఒక్కడే.

అప్పుడు తట్టింది అసలు సంగతి. తిప్పి రాసినవాళ్ళు ఏదో ఒకటి పంపారు గనుక కనబడుతున్నారు. ఎర్ర అక్షరాలు చూసి విసుగొచ్చి, ఫోన్ జేబులో పెట్టుకున్నవాళ్ళ మాటేమిటి? తనిఖీ జరిగేది వాళ్ళ ఫోన్‌లోనే. పంపకముందే ఆగిపోయింది గనుక అటువైపు ఏమీ చేరదు. ఎంతమందిని ఆపిందో, ఎవరిని ఆపిందో పేజీకి తెలియదు, ఆమెకూ తెలియదు. వాళ్ళలో ఒక ఓ నెగెటివ్ ఉండవచ్చు. ఉండకపోవచ్చు.

వేణుమాధవ్ అప్పటికి దవాఖానకు చేరాడు. "టైం జూడక్కా. రెండో షిఫ్టోళ్ళు బయలెల్లే యాల్ల అయింది. ఇంకాసేపైతె ఫోన్లు పైన వెట్టి దిగుతరు. ఏం చేసినా గిప్పుడే చెయ్యాలె."

సంతోషి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులోకి మాట్లాడింది. వేణుమాధవ్ దాన్ని తనకు తెలిసిన ప్రతి బాయి గ్రూపుకూ పంపాడు. ఆమె చెప్పింది ఇదే: "అన్నలారా, నేను పీకో సంతోషిని. రక్తం ఫారం చేసింది నేనే. మూడో షిఫ్టోళ్ళు రాస్తె అది ఒప్పుకుంటలేదు, తప్పు నాది. ఎర్రగ జూపియ్యంగనే ఇడిశిపెట్టినోళ్ళు మీల ఎవరన్న ఓ నెగెటివ్ ఉంటె, ఇంకా బాయిల దిగకపోతె, నాకు ఫోన్ జెయ్యిండ్రి. ఒక బిడ్డ ఆపరేషన్ ఆగి ఉన్నది."

జవాబులు రావడం మొదలైంది. "నన్ను గూడ ఎర్రగ జూసిందక్కా, నాది బీ పాజిటివ్, పనికొస్తనా?" "నేను మూడుమాట్ల కొట్టిన, మా ఆమె లెక్కనే ఒక్కటి గూడ ఒప్పుకోలే." "గోలేటిల మా బామ్మర్దిది ఓ నెగెటివ్, గాని తాగి ఉన్నడు." వేణుమాధవ్ ఒక్కొక్కటీ చదువుతున్నాడు, సుగ్రా బీ అతని మొహాన్ని చదువుతోంది. నర్సు తలుపులోంచి తొంగి చూసి, దొరికారా అన్నట్టు చేత్తో అడిగి వెళ్ళిపోయింది. రెండో షిఫ్టు వేళ అయ్యింది. జవాబులు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. పేరు లేని నంబరు. అవతల ఇనుప చప్పుళ్ళు, మనుషుల గోల.

"నువ్వేనా ఫారం సంతోషక్కా?"

"నేనే. ఎవరన్నా?"

"నాది ఓ నెగెటివ్. మొన్న నాది మూడో షిఫ్టు ఉన్నప్పుడు నీ ఫారం ఏడు చిన్నది, పదకొండు పెద్దది అన్నది. నీకు నమస్కారమని ఇడిశిపెట్టిన. గిప్పుడే బాయిల దిగెటందుకు లాంపు తీసుకుంటుంటె మా వోడు నీ ముచ్చట ఇనిపిచ్చిండు. ఏ దవాఖాన?"

"అన్నా, ఈ వారం నీది..."

"రెండో షిఫ్టు. రాత్రి ఇంట్లనే ఉన్న, మంచిగ పండుకున్న, మంచిగ తిన్న. ఇంకేమన్న అడుగుతవా, గీడికెల్లే ఎర్రగ జూపిస్తవా?"

సంతోషికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "రా అన్నా. ఇయ్యాల దిగేటట్టు ఉండదు, రేపు గూడ దిగొద్దంటది డాక్టరమ్మ."

"లాంపు వాపస్ ఇచ్చిన. వస్తున్న."

అతను వచ్చేదాకా గేటు వైపే చూస్తూ నిలబడ్డారు సంతోషి, వేణుమాధవ్, సుగ్రా బీ ముగ్గురూ. వచ్చిన ప్రతి బండికీ సుగ్రా బీ ఒక అడుగు ముందుకు వేసేది. చివరికి బాయి బూట్లతోనే ఒకతను బండి దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా లోపలికి పోయాడు. డాక్టరమ్మ అవే ప్రశ్నలు అడిగింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. సూది గుచ్చారు.

రక్తం తీయడంతో అయిపోలేదు. రోగాల పరీక్షలు కావాలి, అల్మాస్ రక్తంతో కలిపి చూడాలి. ఆ సేపు అన్నిటికంటే పొడుగ్గా ఉంది. పైనుంచి ఒకసారి నర్సు పరిగెత్తుకుంటూ దిగి, ఇంకా ఎంతసేపని అడిగి, మళ్ళీ పరుగునే ఎక్కింది. సుగ్రా బీ దుపట్టా కొంగు వేలికి చుట్టి విప్పుతూ, లోలోపల ఏదో చదువుకుంటూ కూర్చుంది. జైపాల్ ఇంటికి పొమ్మన్నా పోలేదు. ఇంకొక సీసా కావాల్సివస్తే తాను ఉండాలని వరండా చివర బల్ల మీద ఒత్తిగిలి, మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

ఎట్టకేలకు రక్తం సంచీ పైకి వెళ్ళింది. ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

సంతోషి చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఆ తలుపు ఎదురుగానే నేల మీద కూర్చుని ఫోన్‌లో కోడ్ తెరిచింది. తనిఖీని తీసివేయాలని మొదట అనుకుంది. తీసివేస్తే నిజంగా పొరపాటున రాసినవాళ్ళు తెలియరు. అందుకని ఆపే చోట అడిగేలా మార్చింది. దిగే సమయం చిన్నదైతే, అది మర్నాటిదని అనుకోవాలి. గడి కింద మామూలు నల్ల అక్షరాల్లో "తెల్లారి పొద్దున ఏడు గంటల వరకు, అంతేనా?" అని రావాలి. అవునంటే వెళ్ళిపోవాలి. కిందనే తన ఫోన్ నంబరు రాసింది, ఫారం ఒప్పుకోకపోతే నాకే చెప్పండి అని. రాస్తున్నంతసేపూ మూసిన తలుపు వైపు చూస్తూనే ఉంది. రెండుసార్లు తప్పు కొట్టింది, రెండుసార్లు దిద్దింది.

లోపలి నుంచి పసిగొంతు వినపడింది. సుగ్రా బీ లేచి నిలబడింది. బిడ్డ ఏడుపు విని కూడా ఆమె మొహం విప్పారలేదు. ఇంకా చూస్తోంది. ఆమెకు కావాల్సిన చప్పుడు అది ఒక్కటే కాదు.

చాలాసేపటికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. మొహం మీది గుడ్డ కిందికి జరిపింది.

"ఆడపిల్ల. తల్లి బాగుంది. రక్తం బాగానే పోయింది, ఎక్కించాం. ఆగింది. ఇంకో సీసా అవసరం పడకపోవచ్చు. రాత్రంతా చూసుకుంటాం."

సుగ్రా బీ గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. పొద్దున్నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. వేణుమాధవ్ మొహం తిప్పుకుని కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

రక్తమిచ్చిన మనిషి వరండా మూల కుర్చీలో బిస్కెట్లు తింటూ ఉన్నాడు, చేతికి దూది అంటించి. ఆడపిల్లట అని విని తల ఊపాడు. సుగ్రా బీ కళ్ళు తుడుచుకుని లేచి అతని దగ్గరికి వెళ్ళింది. బూట్ల నుంచి మొహం దాకా చూసింది. ఇంతసేపట్లో ఆ మనిషి ఎవరని ఎవరూ అడగలేదు.

"నీ పేరేంది కొడుకా?"

"ఎల్లన్న అంటరమ్మా."

"ఎల్లన్న" అంది సుగ్రా బీ. లోపలికి, కూతురి దగ్గరికి పోతూ ఆ పేరు మళ్ళీ ఒకసారి అనుకుంది.